మంత్రిగారు బండి తోసిన వైనం

“ఇంతకాలం ప్రభుత్వాన్ని మేం నడిపించాం. ఇకనుంచి ప్రభుత్వమే స్వయంగా నడుస్తుంది!”

ఆరోగ్యశాఖ మంత్రిగారు ఈ మాట అనగానే సమావేశ మందిరంలో ఉన్న అధికారులందరూ కుర్చీల్లోంచి లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. ‘మహానడక’ పథకం కింద వాళ్ళు చేసిన మొదటి వ్యాయామం అదే. చాలామందికి ఆఖరుదీ అదే.

పథకం గొప్పది. గొప్ప పథకాలన్నిటిలాగే తేలికైనది కూడా. శాఖలో పనిచేసే ప్రతి ఒక్కరూ, మంత్రిగారి దగ్గర్నుంచి ఆస్పత్రి గేటు కాసే వాచ్‌మన్ దాకా, చేతికి ఒక నల్ల బ్యాండు కట్టుకోవాలి. వేసిన అడుగులు అదే లెక్కపెడుతుంది. రోజుకి పదివేలు పడాలి. పడనివాళ్ళు బద్ధకస్తులు. బద్ధకస్తులకి ప్రభుత్వంలో ఇకమీదట చోటు లేదు.

“ముందు నాయకుడు నడవాలి. జనం వాళ్ళంతట వాళ్ళే కదులుతారు,” అన్నారు మంత్రిగారు, కూర్చుంటూ.

అందుకని ఊరి నడిబొడ్డున, నాలుగు రోడ్ల కూడలిలో, మూడంతస్తుల ఎత్తున ఒక తెర పెట్టించారు. తెర మీద మంత్రిగారి నవ్వుముఖం, దాని కింద ఆయన ఆ రోజు వేసిన అడుగులు ఎప్పటికప్పుడు కనిపిస్తాయి. దాపరికం లేని పాలన అంటే ఏమిటో జనం బస్సు కోసం నిలబడి కళ్ళారా చూశారు.

మొదటి రెండురోజులూ వాళ్ళు చూసింది ఏమంత బాగాలేదు. మంచం నుంచి కారుదాకా, కారు నుంచి లిఫ్టుదాకా, లిఫ్టు నుంచి కుర్చీదాకా మంత్రిగారు వేసిన అడుగులన్నీ కలిపినా, ఆ బస్సు రాక విసుగెత్తి జనం అటూ ఇటూ తిరిగిన అడుగులకంటే తక్కువే తేలాయి.

మూడోరోజు పొద్దున్న శాఖ కార్యదర్శిగారు మంత్రిగారి గదిలోకి వెళ్ళి తలుపు దగ్గరగా వేశారు.

“సార్, మీ ఉపన్యాసాలు ఎవరు రాస్తున్నారు?”

“మీరే కదా.”

“మీ సంతకాలు?”

“రబ్బరు స్టాంపు ఉందిగా. నీడ వేస్తాడు.”

“మరి నడక ఒక్కటీ మీరు స్వయంగా ఎందుకు చెయ్యాలి సార్? అధికార వికేంద్రీకరణకి అది పూర్తిగా విరుద్ధం.”

మంత్రిగారు ఆలోచించారు. ఆయన ఆలోచించిన ఆ అపురూపమైన సంఘటనకి గదిలో కార్యదర్శిగారు కాక సాక్షి ఒక్కరే ఉన్నారు. నీడగారు.

నీడగారంటే మంత్రిగారి పీఏ. అసలు పేరు జీతాల సెక్షన్‌వాళ్ళకి తప్ప ఎవరికీ గుర్తులేదు. మంత్రిగారు ఎక్కడుంటే దానికి రెండడుగుల వెనక ఆయన ఉంటారు. ఈయనకి ముందు ఐదుగురు మంత్రుల వెనక కూడా అలాగే ఉన్నారు. ముందున్న మనిషి మారినప్పుడల్లా కొత్తాయన పొడుగూ లావూ చూసుకుని సర్దుకోవడం తప్ప ఆయన సర్వీసులో పెద్ద ఒడుదుడుకులు లేవు. సన్నటి మనిషి. సైకిలు కూడా లేదు. ఎంత దూరమైనా నడిచే వెళతారు.

“నీడా, చెయ్యి చాపు,” అన్నారు మంత్రిగారు, తన చేతి బ్యాండు విప్పుతూ.

నీడగారు చెయ్యి చాపారు. ఆ క్షణం నుంచి ఆరోగ్యశాఖ నడక ఆయనది. ఎడం చేతికి తన బ్యాండు, కుడి చేతికి మంత్రిగారిది, రెండిటి మీదా పొడుగుచేతుల చొక్కా. మంత్రిగారి చేతికి అచ్చం అలాంటిదే, లోపల ఏ సరంజామా లేనిది, ఒకటి తగిలించారు. అది ఆయనకి బాగా నప్పింది.

ఇక చూడండి, తెర మీద అంకె లేచింది. రోజూ పొద్దున్నే నీడగారు పార్కులో చేతులు ఊపుకుంటూ నాలుగు చుట్లు వేసేవారు. ఆఫీసుకి వచ్చాక ఫైళ్ళ కోసం మేడలు ఎక్కీ దిగీ, మధ్యాహ్నం మంత్రిగారి మందుల కోసం బజారుకి వెళ్ళొచ్చీ, సాయంత్రమయ్యేసరికి మంత్రిగారి పదివేలూ పూర్తయ్యేవి. “ఈ వయసులో ఎలా సార్?” అని పత్రికలు రాశాయి. రోడ్ల శాఖ మంత్రిగారికి ఈర్ష్యతో అన్నం సయించడం మానేసింది.

ఒకరోజు టీవీ ఇంటర్వ్యూ జరుగుతోంది. మంత్రిగారు సోఫాలో చేరగిలబడి ఉన్నారు. వెనక చిన్న తెర మీద అంకె మాత్రం గబగబా పెరుగుతోంది, నీడగారు కాఫీ తేవడానికి వెళ్ళారు కాబట్టి. యాంకరమ్మ ఆశ్చర్యపోయింది.

“సార్, మీరు కూర్చునే ఉన్నారు. మరి అడుగులు పడుతున్నాయే?”

మంత్రిగారు కళ్ళు సగం మూసుకున్నారు. “నేనిక్కడ కూర్చున్నా, నా మనసు జనంలో తిరుగుతూనే ఉంటుందమ్మా.”

యాంకరమ్మ కళ్ళు తుడుచుకుంది. కెమెరామన్ కూడా తుడుచుకున్నాడని చెబుతారు కానీ, అతనికి జలుబు.

అంతా సాఫీగా సాగిపోయేదే. నీడగారి కూతురి ప్రసూతి సెలవు అయిపోయింది, అక్కడ వచ్చింది చిక్కు.

ఆ అమ్మాయి పెద్దాస్పత్రిలో కాంట్రాక్టు నర్సు. అల్లుడిది ఓడ మీద ఉద్యోగం, ఆర్నెల్లకోసారి కనిపిస్తాడు. ఇంట్లో నీడగారు, కూతురు, తొమ్మిదినెలల బుజ్జులు. బుజ్జులికి ఇంకా మాటలు రాలేదు గానీ ఒక విషయంలో పట్టుదల జాస్తి. పొద్దున్న తల్లి డ్యూటీకి వెళ్ళిన మరుక్షణం రాగం అందుకుంటుంది. స్ట్రోలర్లో వేసి తోస్తే ఆపుతుంది. తోయడం ఆపితే మళ్ళీ అందుకుంటుంది. శిశు సంరక్షణ కేంద్రం తలుపు తీసేదాకా ఇదే వరస.

కాబట్టి ఆ సోమవారం పొద్దున్న నీడగారు మంత్రిగారి ఉదయపు నడకని, మనవరాలి నిద్రని కలిపి ఒకే స్ట్రోలర్‌తో కానిచ్చేశారు. పార్కు చుట్టూ మామూలుకంటే రెండు చుట్లు ఎక్కువే తిరిగారు. రెండు చేతులతో పిడి గట్టిగా పట్టుకుని, రాళ్ళు తప్పించుకుంటూ, గతుకుల్లో ముందు చక్రాలు లేపుతూ తోశారు. బుజ్జులు నోరు తెరుచుకుని నిద్రపోయింది. నీడగారికి చెమటతో చొక్కా ఒంటికి అతుక్కుపోయింది. మనవరాలిని సంరక్షణ కేంద్రంలో అప్పగించి, ఖాళీ బండి తోసుకుంటూ తృప్తిగా ఆఫీసు మెట్ల దగ్గరికి వచ్చారు.

మెట్ల మీద ఆఫీసంతా నిలబడి ఉంది. ఎవరి ముఖంలోనూ నెత్తురు చుక్క లేదు.

కూడలిలో తెర మీద మంత్రిగారి నవ్వుముఖం కింద సున్నా ఉంది. పొద్దున్నించీ సున్నాయే. ప్రతిపక్షంవాళ్ళు ‘మంత్రి మంచం దిగలేదు’ అని తెర ముందు పరుపులు పరుచుకుని నిరసన మొదలుపెట్టారు. అందులో కొందరు నిజంగానే గుర్రు పెడుతున్నారు.

మంత్రిగారు గదిలో కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నారు. ఆ అడుగులు ఏ తెర మీదా పడవు కాబట్టి వృథా.

“ఏమయ్యా నీడా! నేనివాళ ఎందుకు నడవలేదు?”

“నడిచారండి.”

“ఎక్కడ నడిచానయ్యా?”

“పార్కులోనండి. ఆరు చుట్లు తిరిగారు. తమరికి చెమటలు కూడా పట్టాయండి.”

“మరి తెర మీద సున్నా ఏమిటి?”

నీడగారు చేతులు నలుపుకున్నారు. “అదే నాకూ అంతుపట్టడం లేదండి. రోజూ చేతులు ఊపుకుంటూ వెళ్ళేవారు. ఇవాళ బండి తోశారు. అదొక్కటే తేడా.”

“బండా? నేనా?”

“పసిపిల్ల బండండి. అందులో మా మనవరాలుంది.”

మంత్రిగారు కుర్చీలో కూలబడ్డారు. కార్యదర్శిగారు వెంటనే బ్యాండ్లు సరఫరా చేసిన కంపెనీ ఇంజనీరుని పిలిపించారు. ఎవరో ఒక ఊహాజనిత మనిషి ఒక ఊహాజనిత స్ట్రోలర్ తోస్తే ఏమవుతుందని అడిగారు.

“అడుగులు పడవు సార్,” అన్నాడు ఇంజనీరు. “ఇది చెయ్యి ఊగితే అడుగు అనుకుంటుంది. పిడి పట్టుకుంటే చెయ్యి ఊగదు కదా.”

“మరి కాళ్ళు?”

“కాళ్ళ సంగతి దీనికి తెలీదు సార్.”

మంత్రిగారి ముఖం వికసించింది. “అంటే కాళ్ళతో పని లేదా?”

“లేదు సార్. కదలకుండా కూర్చుని చెయ్యి ఊపినా పడతాయి. పొద్దున్న పళ్ళు తోముకుంటే కూడా కొన్ని పడతాయి. లెక్క సరిగ్గా రావాలంటే దీన్ని తీసి కాలి చీలమండకి కట్టుకోవచ్చు. జేబులో వేసుకున్నా మేలే.”

“చీలమండకా?” కార్యదర్శిగారు ఉలిక్కిపడ్డారు. “మంత్రిగారి ప్రతిష్ఠ చీలమండ దగ్గర పెట్టమంటారా? ప్రోటోకాల్ ఒప్పుకోదు.”

ఇంజనీరు వెళ్ళాక మంత్రిగారు ఉత్సాహంగా నీడగారి చేతి బ్యాండు తీసుకుని, కుర్చీలో కూర్చునే చెయ్యి ఊపి చూశారు. పది ఊపులు ఊపగానే భుజం పట్టేసింది. “ఇదీ నువ్వే ఊపు,” అని తిరిగి ఇచ్చేశారు. ప్రజాసేవలో కష్టం ఎంతుందో ఆయనకి తెలిసినంతగా ఎవరికీ తెలియదు.

సున్నా మాత్రం ఊరంతా చూసేసింది. దాన్ని తుడిచెయ్యడం కార్యదర్శిగారి వల్ల కూడా కాదు. అందుకని ఆయన దానికి మెరుగు పెట్టారు. సాయంత్రానికి ప్రకటన వెలువడింది. మంత్రిగారు ఆ ఉదయం మంచం దిగకపోవడం కాదు, దిగి, ఎవరికంటా పడకుండా, ఉద్యోగానికి వెళ్ళే ఒక తల్లి బిడ్డని స్ట్రోలర్లో వేసుకుని తోశారు. స్ట్రోలర్ తోసేవాళ్ళ అడుగులు లెక్కకి రావని తెలిసి కూడా తోశారు. ఆ సున్నా సున్నా కాదు, త్యాగం.

మర్నాటి పత్రికల నిండా ఆ సున్నాయే. ‘మన మంత్రి తోపు’ అని కుర్రకారు గోడల నిండా రాసిపారేశారు. రోడ్ల శాఖ మంత్రిగారు హడావిడిగా ఒక స్ట్రోలర్ కొన్నారు గానీ, అందులో పడుకోబెట్టడానికి ఇంట్లో ఇరవైరెండేళ్ళ కొడుకు తప్ప ఎవరూ దొరకలేదు. పరుపుల మీది ప్రతిపక్షం పరుపులు చుట్టుకుని ఇంటికి వెళ్ళిపోయింది. వారం తిరక్కుండా ఉత్తర్వు వచ్చింది: మంత్రులూ, ఆ పై స్థాయివారూ స్ట్రోలర్ తోసినప్పుడు పడిన సున్నాని పదివేలుగా పరిగణించవలెను.

ఆ ఉత్తర్వు చూసి నీడగారి ప్రాణం లేచొచ్చింది. మంత్రిగారి కోసం కాదు, కూతురి కోసం.

ఎందుకంటే ఇంట్లో ఆ అమ్మాయి పరిస్థితి ఏమీ బాగాలేదు. పొద్దున్న ఆరింటి నుంచి వార్డుల వెంట మందుల ట్రాలీ తోస్తుంది. మధ్యాహ్నం రోగుల్ని చక్రాల కుర్చీలో ఎక్స్‌రేకి తీసుకెళుతుంది. లిఫ్టు పాడైతే పక్క భవనం వాలు మీంచి మంచంతో సహా తోస్తుంది. ఇంటికొచ్చేసరికి పాదాలు పొంగి చెప్పుల్లోంచి ఊడిరావు. అయినా చేతి బ్యాండు మీద గట్టిగా వెయ్యి అడుగులు ఉండవు. రెండు చేతులూ ఎప్పుడూ ఏదో ఒక పిడి మీదే ఉంటాయి మరి. అదే ఆస్పత్రి సూపరింటెండెంటుగారు ఫోన్లో మాట్లాడుతూ చెయ్యి తిప్పుకుంటూ కూర్చున్నచోటే పన్నెండు వేలు లాగించి ‘మహానడక రత్న’ బిరుదు సంపాదించారు.

ఆ అమ్మాయిని బద్ధకస్తుల తరగతికి వేశారు. డ్యూటీ అయ్యాక గంటసేపు అక్కడ నడక నేర్పుతారు.

“నడక నేర్పుతారా? నీకా?” అన్నారు నీడగారు, వేడినీళ్ళ బకెట్టు ఆమె కాళ్ళ ముందు పెడుతూ.

“అవును నాన్నా. బోర్డు మీద బొమ్మ వేసి చూపించారు. ఇది కుడికాలు, ఇది ఎడంకాలు అని.” ఆమె పాదాలు నీళ్ళలో పెట్టి కళ్ళు మూసుకుంది. “చెప్పినాయన కుర్చీలోంచి లేవలేదు. మేమంతా నిలబడి విన్నాం.”

“కాలికి కట్టుకుంటానని అడగలేకపోయావా?”

“అడిగాను. కాలికి కట్టుకుంటే మోసం చేసినట్టట. ఈ నెలాఖరుకి నా కాంట్రాక్టు రెన్యువల్ కావాలి. అడుగులు లేకపోతే అవదని తేల్చి చెప్పేశారు. పోతే పోనీ నాన్నా, ఇంకెక్కడైనా చూసుకుంటాను అందామంటే, దీన్ని చూస్తే భయమేస్తుంది.”

బుజ్జులు తల్లి చున్నీ అంచు నోట్లో పెట్టుకుని చాలా శ్రద్ధగా నములుతోంది. నీడగారు చల్లారిన నీళ్ళు మార్చారు. నీడలకి మాట్లాడే అలవాటు ఉండదు.

మర్నాడు ఆయన, సర్వీసంతటిలో మొదటిసారి, కార్యదర్శిగారి ముందుకి తన సొంత పని మీద వెళ్ళారు.

“సార్, మంత్రిగారికి స్ట్రోలర్ మినహాయింపు ఇచ్చారు కదండీ. నర్సులు తోసే ట్రాలీలకి కూడా...”

కార్యదర్శిగారు జాలిగా నవ్వారు. “స్ట్రోలర్ వేరు, ట్రాలీ వేరు నీడగారూ. స్ట్రోలర్లో మమకారం ఉంటుంది. ట్రాలీలో ఏముంటాయి? మందులు.”

“తోసేది కాళ్ళే కదండీ రెంటినీ.”

“అలా అనుకుంటే కూరగాయల బండివాడు కూడా మంత్రిగారితో సమానమైపోతాడు. అప్పుడు ప్రభుత్వం ఏం కావాలి?” అని, ఆయన గొంతు తగ్గించారు. “సరే, మీరూ ఒక సాయం చెయ్యండి. మంత్రిగారు బండి తోస్తుంటే చూడాలని పత్రికలవాళ్ళు చంపుకు తింటున్నారు. ఆదివారం కొత్త వంతెన మీద పెద్ద సభ పెడుతున్నాం. పార్టీ అధినేతగారు టీవీలో చూస్తారు. మీ మనవరాలినీ, ఆ బండినీ అరగంట ఇవ్వండి చాలు. మీ అమ్మాయి రెన్యువల్ సంగతి నేను చూసుకుంటాను.”

ఇంట్లో ఈ మాట చెప్పగానే కూతురు అంతెత్తున లేచింది.

“నా పిల్లని ఆయన చేతుల్లో పెట్టడమేంటి నాన్నా? ఆయనెప్పుడైనా ఏదైనా తోశాడా?”

“పక్కనే నేనుంటానమ్మా.”

“పక్కనా? నిన్నెప్పుడైనా పక్కన నిలబెట్టారా? వెనకే కదా.”

నీడగారికి చురుక్కుమంది. కానీ నెలాఖరు దగ్గరపడుతోంది. “అరగంటే కదా తల్లీ,” అన్నారు. ఆ అమ్మాయికి ఆదివారం కూడా పొద్దుటి డ్యూటీయే. వెళ్ళేముందు బిడ్డ బెల్టు రెండుసార్లు బిగించి చూసుకుంది.

కొత్త వంతెన మీద, రోడ్డుకి సమంగా, వేదిక వేశారు. వంతెన అక్కణ్ణుంచి కిందికి, ఊళ్ళోకి, నున్నగా వాలుగా దిగుతుంది. కూడలిలో తెరలాంటిదే ఇంకొకటి వేదిక పక్కన నిలబెట్టారు. జనం బాగానే వచ్చారు. డ్యూటీలో లేని బద్ధకస్తుల తరగతివాళ్ళందరికీ హాజరు తప్పనిసరి.

కార్యక్రమాన్ని కార్యదర్శిగారు స్వయంగా రచించారు. మంత్రిగారు బండి తోస్తున్నంతసేపూ తెర మీద అంకె కదలకూడదు. త్యాగం కనిపించాలి. బండి వదిలి మైకు దగ్గరికి నడవగానే అంకె లేవాలి. శక్తి కనిపించాలి. అందుకని నీడగారు వేదిక వెనక పరదా చాటున నిలబడి, చీలికలోంచి చూస్తూ, మంత్రిగారు తోసినప్పుడు ఒక గుంజని కరుచుకుని ఉండాలి, వదిలినప్పుడు చెయ్యి ఊపాలి.

“ఆపాక ఈ అడ్డపట్టీని కాలితో నొక్కండి సార్. బ్రేకు పడుతుంది,” అని నీడగారు సభకి ముందు మంత్రిగారికి చూపించారు.

“కాలితోనా?” అన్నారు మంత్రిగారు, అదేదో కింది ఉద్యోగుల పని అన్నట్టు. “సర్లే, నొక్కుతాలే.”

బాకాలు ఊదారు. మంత్రిగారు బండి పిడి పట్టుకున్నారు. బుజ్జులు ఆయన్ని ఎగాదిగా చూసి ఏడుపు ముఖం పెట్టింది గానీ, బండి కదలగానే ఊరుకుంది. పరదా వెనక నీడగారు గుంజని కావలించుకుని ఊపిరి బిగబట్టారు. తెర మీద అంకె కదల్లేదు.

“చూడండి! చూడండి!” అని మైకులో వ్యాఖ్యాత గొంతు బొంగురుపోయింది. “ఒక్క అడుగు కూడా పడటం లేదు! ఎంత నిస్వార్థమైన నడక!”

జనం చప్పట్లు కొట్టారు. మంత్రిగారు అలా వేదిక చివరిదాకా, వంతెన వాలు మొదలయ్యేచోటుదాకా తోసుకెళ్ళారు. అక్కడ చప్పట్లు మరీ ఎక్కువయ్యాయి. చప్పట్లు విన్న మంత్రి చెయ్యి ఎత్తకుండా ఉండలేడు, అది కండరాల్లోనే ఉంటుంది. మంత్రిగారు ఒక చెయ్యి ఎత్తారు. తర్వాత రెండోది కూడా ఎత్తారు. నమస్కారం పెట్టి, వెనక్కి తిరిగి, హుందాగా మైకు వైపు నడిచారు.

చీలికలోంచి నీడగారు చూస్తున్నారు. ఇప్పుడు చెయ్యి ఊపాలి. కానీ ఆయన కళ్ళు మంత్రిగారి మీద లేవు. స్ట్రోలర్ చక్రాలు తిరుగుతున్నాయి. మెల్లిగా. తర్వాత అంత మెల్లిగా కాదు.

“బండి! బండి!” అని అరిచారు. ముప్పైయేళ్ళుగా వాడని గొంతు, చప్పట్లలో ఎవరికీ వినపడలేదు. అంగరక్షకులు తెర వైపే చూస్తున్నారు. కెమెరాలు తెర వైపే చూస్తున్నాయి.

నీడగారు పరదా చింపుకుని బయటపడి పరుగందుకున్నారు.

రెండు చేతులూ గాలిని నరుకుతున్నట్టు ఊగుతున్నాయి. చెప్పొకటి ఎటో పోయింది. తెర మీద అంకె ఒక్కసారిగా ఎగిరి గంతేసింది. వందలు వందలుగా దొర్లిపోతోంది. “అబ్బబ్బబ్బ!” అన్నాడు వ్యాఖ్యాత. “ఏమి వేగం! ఏమి వేగం! మంత్రిగారు మైకు దగ్గర నిలబడి కూడా ఎంత వేగంగా నడుస్తున్నారో చూడండి!” జనం లేచి నిలబడి ఈలలు వేశారు. మంత్రిగారు వినయంగా తల వంచారు.

వంతెన దిగువన స్ట్రోలర్ గాలిలో తేలిపోతున్నట్టు పోతోంది. లోపల బుజ్జులు ఇంత మంచి బండి ఇన్నాళ్ళూ ఎందుకు ఇంత నెమ్మదిగా పోయిందా అన్నట్టు కేరింతలు కొడుతోంది. కింద చౌరస్తా. సభ కోసం ట్రాఫిక్ ఆపేసి ఉంచారు. మంత్రిగారి కోసం ట్రాఫిక్ ఆపడం వల్ల ఒకరి ప్రాణం నిలబడటం ఆ ఊళ్ళో అదే మొదటిసారి. చౌరస్తా దాటి, కాలవ గట్టు ఇంకా నాలుగు బారల దూరం ఉందనగా, నీడగారి చేతివేళ్ళు పిడిని అందుకున్నాయి. ఈడ్చుకుపోయింది. మోకాళ్ళు దోక్కుపోయాయి. బండి ఆగింది.

తెర మీద అంకె కూడా ఆగింది.

నీడగారు రోడ్డు మీద అలాగే కూలబడి, బెల్టు విప్పి బిడ్డని గుండెకి అదుముకున్నారు. బుజ్జులు ఆయన ముక్కు పట్టుకుని లాగింది. కాసేపటికి ఆయన లేచి, దాన్ని మళ్ళీ బండిలో కూర్చోబెట్టి, బెల్టు బిగించి, వంతెన వైపు ఒకసారి చూశారు. పైన మైకు మోగుతోంది. “మంత్రిగారు కాసేపు ఆగారు... ఇప్పుడు మళ్ళీ నడుస్తారు...” మంత్రిగారు వేదిక మీద అటూ ఇటూ నడిచారు. అంకె కదల్లేదు. చేతులు ఊపుతూ నడిచారు. కదల్లేదు. జీవితంలో మొదటిసారి చెమట పట్టేట్టు నడిచారు, అయినా కదల్లేదు.

నీడగారు రెండు చేతులతో పిడి పట్టుకుని, వంతెనకి వీపు పెట్టి, బండి తోసుకుంటూ ఇంటిదారి పట్టారు.

ఇంటి దగ్గర కూతురు అప్పుడే డ్యూటీ దిగి వచ్చింది. టీవీలో సభ నడుస్తోంది. తండ్రి చిరిగిన ప్యాంటు, మోకాళ్ళ రక్తం, ఒంటి కాలి చెప్పు చూసి ఆమె నిర్ఘాంతపోయింది. ఆయన నాలుగు మాటల్లో జరిగింది చెప్పారు. ఆమె బిడ్డని ఎత్తుకుని తలా, చేతులూ, కాళ్ళూ తడిమి చూసుకుంది. తర్వాత దూదీ మందూ తెచ్చి తండ్రి ముందు కూర్చుంది. కుడి అరచెయ్యి కూడా గీరుకుపోయిందని చూసి, ఆ చేతి బ్యాండు విప్పి నేల మీద పెట్టింది.

బుజ్జులు దాన్ని చూసింది. అందుకుంది. గిలక్కాయ అనుకుని ఠపఠపా ఆడించింది.

“అదిగో!” టీవీ దద్దరిల్లింది. “లేచింది! మళ్ళీ లేచింది! మంత్రిగారు విజృంభించారు!” తెర మీద అంకె గంతులు వేస్తోంది. వేదిక మీద మంత్రిగారు కుర్చీ పట్టుకుని రొప్పుతున్నారు. జనం వంతెన అదిరేలా జేజేలు కొడుతున్నారు.

కూతురు టీవీ వైపు చూసింది. బిడ్డ చేతి వైపు చూసింది. తండ్రి వైపు చూసింది.

“నాన్నా, ఇది మంత్రిగారిదా?”

“ఆయనదేనమ్మా.”

ఆమె పెదవి బిగబట్టింది గానీ ఆగలేదు. మళ్ళీ డ్యూటీలో చేరాక ఆ ఇంట్లో ఆమె నవ్వడం అదే మొదటిసారి. నవ్వుతూ నవ్వుతూ కొంగుతో కళ్ళు తుడుచుకుని, పాలసీసా తేవడానికి లోపలికి వెళ్ళింది. బుజ్జులికి కూడా ఆడి ఆడి విసుగొచ్చింది. బ్యాండుని ఒళ్ళో పడేసి, సీసా కోసం రెండు చేతులూ చాపింది.

అంకె మళ్ళీ ఆగిపోయింది. ఐదు నిమిషాలు గడిచాయి. ఇంకో ఐదు గడిచాయి. నీడగారి ఫోను మోగింది.

“నీడగారూ! ఎక్కడున్నారండీ బాబూ?” కార్యదర్శిగారి గొంతులో ఏడుపొక్కటే తక్కువ. “మంత్రిగారు ఆగిపోయారు! అధినేతగారు చూస్తున్నారు! తొందరగా నడిపించండి!”

“అలాగేనండి. మరి మా అమ్మాయి రెన్యువల్...”

“అబ్బా, ఇప్పుడా అది? రేపు చూద్దాం లెండి, రేపు!”

నీడగారు కూతురి ఒళ్ళోకి చూశారు. సీసా ఖాళీ అవుతోంది. రెప్పలు వాలిపోతున్నాయి.

“అలాగేనండి, రేపే చూడండి,” అన్నారాయన నెమ్మదిగా. “మంత్రిగారు కూడా రేపే లేస్తారు. ఇప్పుడే పాలు తాగి పడుకున్నారు.”